భయం ఎవరిది?

పిల్లలకు ధైర్యం చాలదని తల్లిదండ్రులు వాపోవడం తరచుగా వింటుంటాము. మా ఇంట్లోనూ అదే మాట నడిచేది. 2024 జులైలో మా అమ్మాయిని డిగ్రీలో చేర్పించడానికి నిజామాబాదు నుంచి హైదరాబాదుకు కారులో బయలుదేరాము. బస్సులో వెళ్ళవచ్చు. కాని పెట్టె, పరుపు, బకెట్టు అన్నీ ఉన్నాయి కనుక అమ్మాయి మేనమామ తన కారు ఇచ్చాడు. ఆ 170 కిలోమీటర్ల దారిలో మాకు తెలిసివచ్చిన విషయం కొంత చేదుగానే ఉంది. అయినా పాఠకులతో పంచుకోక తప్పదనిపించింది.

అమ్మాయి పదో తరగతి దాకా జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివింది. ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి. ‘దోస్త్’ ద్వారా హైదరాబాదులో సీటు వచ్చింది. సీటు వచ్చిన రోజు నుంచే “నాతో కాదు అబ్బా, అక్కడ అందరూ ఇంగ్లీషులో మాట్లాడతారు, నేను నోరు తెరిస్తే నవ్వుతారు” అని మొదలుపెట్టింది. బయలుదేరే ముందు రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

డిచ్‌పల్లి దగ్గర హైవే ఎక్కగానే మేము ఉపన్యాసం అందుకున్నాము. అబ్దుల్ కలాం గారు వాయుసేనలో చేరాలని వెళ్తే ఎంపిక కాలేదని, అయినా ఎంత ఎత్తుకు ఎదిగారో చూడమని చెప్పాము. మన ఊరి అమ్మాయి నిఖత్ జరీన్ 2017లో భుజం దెబ్బతిని ఆటకు దూరమైందని, తిరిగి నిలబడి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయిందని చెప్పాము. కామారెడ్డిలో టీ తాగేదాకా ఇదే ధోరణి. అమ్మాయి అంతా విని ఒకే మాట అన్నది: “వాళ్ళు గొప్పవాళ్ళు. నేను నిఖత్‌ను కాను కదా!”

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మరో ఉదాహరణ వెతుకుతుండగా ఆమే నెమ్మదిగా అన్నది: “బక్రీద్ నాడు ఖాలాతో మీరే అన్నారు, ఈ పిల్లకు భయం ఎక్కువ, హాస్టల్లో నెల కూడా ఉండలేదు, ఫీజు దండగ అవుతుందేమో అని. వంటింట్లో ఉండి విన్నాను.”

నిజమే, అన్నాము. నవ్వుతూ అన్నాము. పిల్ల వింటున్నదని తెలియదు. ఆ మాట అలా వదిలేసి, నెల తిరగకుండానే అదే పిల్లకు కలాం గారి కథ చెబుతున్నాము!

పాఠకులారా, ఆలోచించండి. “మనవాళ్ళకు ఎవరిస్తారు ఉద్యోగాలు”, “ఆడపిల్ల, అంత దూరం ఎందుకు”, “వీడికి లెక్కలు రావు, షాపులో కూర్చోబెడదాం” అనే మాటలు మన ఇళ్ళలో దస్తర్‌ఖాన్ చుట్టూ ఎన్నిసార్లు దొర్లుతున్నాయి? చదువుకు అడ్డంకులు లేవని మేము అనడం లేదు. పేదరికం ఉంది, వివక్ష ఉంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక మన సమాజం వెనుకబాటును లెక్కలతో సహా దేశం ముందు పెట్టింది. కాని పిల్లలు ఇంట్లోనే రోజూ వినే మాట మాత్రం ఏ కమిటీ లెక్కకూ అందేది కాదు. “నాతో కాదు” అని పిల్లలు అనేటప్పుడు అందులో సగం మన గొంతే.

నిఖత్ సంగతే తీసుకోండి. ఆమె పతకాలను చెప్పుకున్నంతగా ఆమె తండ్రి జమీల్ అహ్మద్ గారిని మనం చెప్పుకోము. సౌదీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి కూతుళ్ళ చదువు కోసం, ఆట కోసం ఊరికి తిరిగి వచ్చారు. దుస్తుల గురించి నలుగురూ నాలుగు మాటలు అంటున్నా కూతురి పక్కనే నిలబడ్డారు. ఆయన ఉపన్యాసాలు ఇచ్చారో లేదో కాని పక్కన ఉన్నారు.

మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం మనకందరికీ తెలుసు. ఫిరౌన్ దగ్గరకు వెళ్ళమన్నప్పుడు ఆయన తన నాలుక ముడి గురించి విన్నవించుకున్నారు, సోదరుడు హారూన్‌ను తోడు ఇమ్మని అడిగారు. ఆ విన్నపాన్ని పిరికితనమని తోసిపుచ్చడం జరగలేదు. తోడు లభించింది. ‘తాహా’ సూరాలోని ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివామో! మా పిల్ల తన నాలుక ముడి గురించి చెప్పుకుంటే మాత్రం మేము కథలు చెప్పి నోరు మూయించబోయాము.

భిక్కనూరు టోల్‌గేటు దగ్గర మరో సంగతి జరిగింది. ఫాస్టాగ్‌లో డబ్బులు లేవన్నారు. వెనక లారీల హారన్లు. మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరికి కట్టాలో, ఎలా కట్టాలో తెలియదు. వెనక సీట్లోంచి అమ్మాయి “బండి నంబరు చెప్పండి” అని అడిగి, ఫోనులో నిమిషంలో డబ్బు వేసింది. గేటు లేచింది. ఆమె దాన్ని పెద్ద పనిగా అనుకోలేదు. మేమూ పొగడలేదు. పొగిడితే మళ్ళీ ఉపన్యాసమే అవుతుంది.

రామాయంపేట దాటాక మాలో తల్లి నోరు విప్పింది. తాను పదితోనే ఎందుకు ఆగిపోయిందో అంతవరకు ఎప్పుడూ చెప్పలేదు. కాలేజీకి రెండు బస్సులు మారాలి. మొదటి రోజు తప్పు బస్సెక్కి, ఏడుస్తూ ఇల్లు చేరింది. “రేపు మళ్ళీ వెళ్దాం, నేను వస్తాను” అని ఇంట్లో ఎవరూ అనలేదు. “సరే, మానెయ్” అన్నారు. అంతటితో చదువు అయిపోయింది. అమ్మాయి ముందుకు వంగి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. మేడ్చల్ వచ్చేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

కాలేజీలో మేము గేటు దగ్గరే ఆగిపోయాము. లోపలికి తనే వెళ్ళింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఒకసారి కంగారుగా బయటికి వచ్చి, ఒక కాగితానికి జిరాక్సు తక్కువైందట, తీయించుకుని మళ్ళీ పరుగెత్తింది. మాకు వెంట వెళ్ళాలనే ఉంది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆగాము. చివరికి ఫీజు రసీదుతో వచ్చి “ఇంగ్లీషు తప్పే మాట్లాడాను, ఆ మేడమ్ తెలుగులోనే జవాబిచ్చింది” అన్నది.

సాయంత్రం హాస్టల్లో దింపి తిరుగు ప్రయాణమయ్యాము. వెనక సీటు ఖాళీ. మేడ్చల్ దాటాక ఫోను మోగింది.

“అబ్బా, ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేవో చూసుకున్నారా?”

చూసుకోలేదని చెప్పాము.

“తెలుసు. మీరిచ్చిన ఖర్చుల డబ్బులోంచి నేనే వేశాను. నెమ్మదిగా వెళ్ళండి.”