జింకు బిళ్ల రుచి ఎవరి బాధ్యత?

కాట్రేనికోన మండలంలో పల్లం, బలుసుతిప్ప లాంటి తీరపు ఊళ్లలో పసిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో పాటు జింకు బిళ్లల షీటు కూడా చేతికి రావాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, అంతకంటే చిన్నబిడ్డకు సగం. చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కలిపి 14 రోజులు పట్టాలి. విరేచనాలు నాలుగు రోజుల్లో కట్టుకున్నాక, ఆడుకుంటున్న బిడ్డను పట్టుకుని వగరు మందు నోట్లో పోయడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? మిగిలిన బిళ్లలు గూట్లోకి చేరతాయి. తల్లికి అవగాహన లేదనడం అన్యాయం. ఆ బిళ్లలో జింకుతో పాటు ఇంకేం కలిపారో ముందు అడగాలి.

ఎందుకంటే బిళ్లలో మందు కొంచెమే, మిగతాదంతా తోడు పదార్థాలు. నోట్లో కరిగే బిళ్లల్లో మానిటాల్ వాడతారు. అది కరుగుతూ వేడిని పీల్చుకుంటుంది కాబట్టి నాలుకకు చల్లగా తగులుతుంది. చెంచాలో ముందే కరిగిపోతే ఆ చల్లదనం నాలుక దాకా రాదు, అప్పుడు భారమంతా తీపి మీద, వాసన మీద పడుతుంది. పైగా జింకుకు తీపిని అణచే గుణం ఉంది. అందుకే సుక్రలోజ్ లాంటి తీపి పదార్థం గుమ్మరించినంత మాత్రాన పని జరగదు. మందు రేణువులకు సన్నని పూత వేయాలి, నప్పే వాసన వెతకాలి.

బిళ్ల నీళ్లలో 3 నిమిషాల్లోపు విడిపోవాలన్నది మందుల ప్రమాణాల గ్రంథమైన ఫార్మకోపియా నియమం. అందుకు క్రాస్‌పోవిడోన్, క్రాస్‌కార్మెలోజ్ లాంటివి కలుపుతారు. అవి నీటిని లాక్కుని బిళ్లను లోపలి నుంచి పగలగొడతాయి. నీటి మీద అంత ఆశ ఉన్న పదార్థం సముద్రపు గాలిలోని తేమను మాత్రం వదులుతుందా? చిన్నబిడ్డకు సగం వేసి మిగతా సగం రేపటికని దాచిన చోట ఈ చిక్కు మరీ ఎక్కువ.

చేతకాని పనేం కాదిది. హెచ్‌ఐవీ ఉన్న పసివాళ్ల కోసం స్ట్రాబెర్రీ రుచితో నీళ్లలో కరిగే డోలుటెగ్రావిర్ బిళ్లకు 2020లో అమెరికా ఎఫ్‌డీఏ తాత్కాలిక ఆమోదం ఇచ్చింది. దాన్ని తెచ్చిన మైలాన్‌కు మన దేశంలో కేంద్రం హైదరాబాదే. అంత నైపుణ్యం మన దగ్గరే ఉండగా విరేచనాల బిళ్లకు ఎందుకు అందకూడదు? ప్రభుత్వం బిళ్లలు కొనేటప్పుడు ధరతో పాటు రుచి పరీక్ష ఫలితం కూడా అడగాలి. ఆ పరీక్షలో తల్లులు ఉండాలి. తేమ చొరబడని అల్యూమినియం షీటు తప్పనిసరి చేయాలి. ఆర్నెల్లలోపు బిడ్డలకు 10 మిల్లీగ్రాముల బిళ్ల విడిగా కొంటే సగం తుంచి దాచే పనే ఉండదు.