అరవని ఇరుసు



ఎద్దులబండి తోలినవారికి కందెన సంగతి మేము చెప్పనవసరం లేదు. కందెన ఎండిన ఇరుసు కీచుమని అరుస్తుంది. ఆ అరుపు విని బండివాడు దిగి, నాలుగు చుక్కలు పోసి మళ్ళీ సాగిపోతాడు. కాని అన్ని బండ్ల ఇరుసులూ అరవవు. కొన్ని చప్పుడు లేకుండానే అరిగి, ఒకనాడు ఉన్నట్టుండి విరుగుతాయి. ఈ నెల అట్టి కీలు ఒకదాన్ని గూర్చి, దాన్ని బాగుచేసే విధమును గూర్చి ఆలోచిద్దాం.

ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరంలో ట్రయంఫ్ కంపెనీవారు 1962లో స్పిట్‌ఫైర్ అనే చిన్న కారును తెచ్చారు. ఇద్దరే కూర్చోగల కారు, టాపు మడిచి పెట్టుకోవచ్చు. 1980 వరకు మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇది మన పల్లెల్లో ఎరుగని పేరే. అయితే దీని ముందు చక్రాల అమరిక 1959లో వచ్చిన హెరాల్డ్ కారు నుండి తీసుకున్నది. ఆ హెరాల్డే 1961 నుండి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అనే పేరుతో తయారై మన రోడ్లమీద తిరిగింది. పెద్దలలో కొందరికి అది జ్ఞాపకం ఉండవచ్చు.

ఈ అమరికలో ఒక్కొక్క ముందు చక్రాన్ని నిలువుగా ఉండే ఒక ఉక్కు కడ్డీ మోస్తుంది. దాని పైకొనకు బాల్ జాయింటు ఉంటుంది. క్రిందికొన మరతిప్పినట్లుగా ఒక కంచు దిమ్మలోనికి దిగి ఉంటుంది. ఆ దిమ్మను ట్రనియన్ అంటారు. స్టీరింగు త్రిప్పిన ప్రతిసారీ ఉక్కు మర కంచు మరలో తిరుగుతుంది. కారు ముందుభాగపు బరువును మోసే కాయిల్ స్ప్రింగు క్రింది ఆర్మ్‌మీదనే కూర్చుంటుంది గనుక గోతుల దెబ్బలూ ఈ చోటికే చేరతాయి.

దీనికి గ్రీజు కాదు, చిక్కని గేర్ ఆయిలు పోయాలని తయారుచేసినవారే చెప్పారు. ఆయిలు మరల సందుల్లోకి పారుతుంది. గ్రీజు గట్టిపడి పైననే నిలిచిపోతుంది. ఆయిలు అందనిచోట నీరు చేరుతుంది, ఉక్కుకు తుప్పు పడుతుంది. చివరకు కడ్డీ మరల దగ్గర విరిగి, చక్రం ప్రక్కకు ఒరిగిపోతుంది. కారు పరుగులో ఉండగా ఇది జరిగితే లోపల ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. స్టీరింగు మునుపటికంటె బరువుగా తిరుగుతున్నదంటే అది ముందుగా వచ్చిన హెచ్చరిక. చక్రాన్ని జాకీపై లేపి, పైనా క్రిందా పట్టుకొని ఊపి చూస్తే అరుగుదల చేతికి తెలుస్తుంది.

బాగుచేయబూనినవారికి ఈ కారులో ఒక సదుపాయం ఉన్నది. బానెట్ మొత్తం ముందుకు తెరచుకుంటుంది గనుక చక్రాలు, స్ప్రింగులు అన్నీ ఎదుటనే కనబడతాయి. అయినను కారును జాకీమీద మాత్రమే నిలిపి పని చేయరాదు. గట్టి స్టాండులు పెట్టాలి. నొక్కుకొని ఉన్న స్ప్రింగును తగిన బిగింపు సాధనం లేకుండా విప్పరాదు. అది ఎగిరితే ఎముకలు విరుగుతాయి.

తరువాత వరుస ఇది. క్రింది ఆర్మ్ బ్రాకెట్ల వెనుక పలుచని రేకులు ఉంటాయి. ఏ రేకు ఎక్కడిదో వ్రాసి పెట్టుకొని మళ్ళీ అక్కడనే ఉంచాలి. చక్రపు వాలు వాటినిబట్టే ఉంటుంది. ఎడమ, కుడి ట్రనియన్ల మరలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి గనుక వాటిని తారుమారు చేయకూడదు. కడ్డీమీద తుప్పు గుంటలుగాని, సన్నని చీలికగాని కనబడితే దాన్ని పారవేయాలి. ఒకవైపు అరిగిందంటే రెండవవైపూ అన్ని మైళ్ళు నడిచినదే గదా! కాబట్టి రెండువైపులా మార్చడం మంచిది.

రబ్బరు బుష్షుల విషయంలో చాలామంది తొందరపడతారు. కారు స్టాండులమీద ఉండగానే వాటి బోల్టులను పూర్తిగా బిగిస్తారు. అలా చేస్తే కారు క్రిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఆ మెలికలోనే నిత్యం ఉండి త్వరగా చినుగుతుంది. కారును చక్రాలపై నిలిపి, దాని బరువు దానిమీద పడిన తరువాతనే ఆఖరు బిగింపు ఇవ్వాలి. ఆపైన చక్రాల అలైన్‌మెంటు చూపించి, నెమ్మదిగా కొద్ది దూరం నడిపి, నట్లన్నీ మరల పరీక్షించాలి.

ఇంత శ్రమపడి కొత్త భాగాలు వేసినా, ఆయిలు పోయడం మరచితే అవీ పాతవాటి దారినే పోతాయి. రంగు వెలిసిన కారు ఎన్నేళ్ళయినా నడుస్తుంది. ఆయిలందని కీలుతో నడవడం అపాయం. రంగు చూసి మెచ్చుకొనేవారు వీధిలో ఉంటారు, కీలు విరిగితే గాయపడేవారు మన ప్రక్క సీటులో ఉంటారు.

మన ఇండ్లలో స్పిట్‌ఫైర్ లేకపోవచ్చు. ట్రాక్టరు ఉన్నవారు చాలామంది ఉన్నారు. దాని ముందు ఇరుసు దగ్గర గ్రీజు పెట్టవలసిన చోట్లు ఎన్ని ఉన్నవో, అవి మట్టితో పూడిపోయినవో లేదో ఈ వారమే పిల్లలను వెంటబెట్టుకొని చూడండి. చోట్లు వారికి చూపించండి, గ్రీజు గన్ను వారి చేతికివ్వండి.