పాత బండి: ఆగమమా, ఆదేశమా?

తెలుగు పండితుడికి టర్బో బండితో ఏం పని అని అడిగేవారు నాకు తరచు తారసపడుతుంటారు. పదవీ విరమణ చేసినవాడు ఏ ప్రబంధమో చదువుకోక, పానాలూ గ్రీజు డబ్బా ముందు పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చోవడమేమిటని వారి ఆశ్చర్యం. ఎవరి వ్యసనం వారిది. దానికి సంజాయిషీ ఇవ్వడం ఈ టపా ఉద్దేశం కాదు. పాత బండిని ఉంచుకున్నవాడు దానికి ఏ మార్పు చేయవచ్చు, ఏది చేయరాదు అన్న విషయంలో నాకొక నిశ్చితాభిప్రాయం ఉన్నది. దాన్ని మిత్రుల ముందుంచుతున్నాను.

మాది టాటా ఇండిగో మెరీనా. 2004లో విపణిలోకి వచ్చిన రకం; మా బండి రిజిస్ట్రేషను 2006 నాటిది. నేను రెండో చేతి మీద కొన్నాను. దీన్ని స్టేషన్ వాగన్ అంటారు. డిక్కీ విడిగా తోకలా ఉండక, పైకప్పే చివరిదాకా సాగి, వెనుక తలుపు తెరిస్తే చిన్న గదిలా కనిపిస్తుంది. పుస్తకాల పెట్టెలు, మామిడి మొక్కలు, బియ్యం బస్తాలు అన్నీ అందులో ఇముడుతాయి. ఎందుచేతనో మన దేశంలో ఈ ఆకారానికి ఆదరణ లభించలేదు. 1992లో టాటావారే ఎస్టేట్ అనే పెద్ద వాగన్ తెచ్చారు; అదీ నిలవలేదు. మెరీనా కూడా కొద్ది సంవత్సరాలకే ఆగిపోయింది.

అయినా నాకు విడిభాగాల బెంగ అంతగా లేదు. 1998లో వచ్చిన ఇండికాకు ఇది తోడబుట్టినది. ఇండికాలు టాక్సీలుగా మన రోడ్ల మీద ఎంత తిరిగాయో అందరికీ తెలుసు. పెద్దవూరలో దొరకని సామాను మిర్యాలగూడలో, అక్కడ దొరకనిది సూర్యాపేటలోనో కోదాడలోనో దొరుకుతుంది. అదీ కాకపోతే కోదాడ దాటి పోతే బెజవాడ ఆటోనగర్ ఉండనే ఉన్నది.

1405 సీసీల ఆ డీజిలు ఇంజనుకు మా బండిలో టర్బో అదనం. టర్బో అంటే మహా మంత్రమేమీ కాదు. ఇంజను వదిలిన పొగ వృథాగా పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే అంతకు తగిన డీజిలు పూర్తిగా మండుతుంది, బలం పెరుగుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు మించి తిరగగలదు. దానికి ఆధారం పలుచని నూనె పొర మాత్రమే. ఈ ఒక్క విషయం గ్రహించినవాడికి టర్బో సంరక్షణలో ముప్పాతిక భాగం తెలిసినట్టే. నూనె శుభ్రంగా ఉండాలి, గాలి శుభ్రంగా ఉండాలి. దూరం నుంచి వచ్చిన బండిని ఆపగానే తాళం తిప్పేయక, ఒక నిమిషం నెమ్మదిగా తిరగనివ్వాలి. వేడి తగ్గకముందే ఇంజను ఆపితే నూనె ప్రవాహం ఆగి, ఉన్న నూనె అక్కడే మాడి మసి కడుతుంది.

గాలి మాట మా ప్రాంతంలో మరీ ముఖ్యం. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల ఊరు. కోతల కాలంలో సాగర్ ఎడమ కాలువ వెంట పోయే రోడ్ల మీద వడ్ల నుసి, లారీల వెనుక లేచే ఎర్రదుమ్ము, కోదాడ వైపు పోతే సిమెంటు దుమ్ము. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క మామూలు రోడ్లకు. మా రోడ్లకు దానిలో సగమే చాలు. ఎయిర్ ఫిల్టరు నేనే విప్పి చూస్తాను. నూనె, డీజిలు ఫిల్టరు నేనే మారుస్తాను. బెల్టులు తడిమి చూస్తాను, రబ్బరు గొట్టాల క్లాంపులు బిగిస్తాను, రేడియేటరు నీళ్ళు గమనిస్తాను. బ్రేకులు, టైమింగ్ బెల్టు, పంపు, నాజిళ్ళు మాత్రం షెడ్డుకే. చేయగలిగిన దానికీ చేయించవలసిన దానికీ మధ్య గీత తెలియడం కూడా విద్యలో భాగమే.

ఇంటిదగ్గర ఇంతపాటి పని చేసుకుంటే డబ్బు మిగులుతుందా అంటే, కొంత మిగులుతుంది. అంతకంటె పెద్ద లాభం, ఎదుటివాడు చెప్పింది నిజమో కాదో తెలియడం. రెండేళ్ళ క్రితం బండి ఎత్తు మీద లాగడం మానేసింది. నల్లపొగ, ముందు భాగంలో బుస్సుమనే శబ్దం. పెద్ద రోడ్డు పక్కన ఒక షెడ్డులో చూపిస్తే టర్బో పోయింది, ఇంజను దించాలి అన్నారు. ఇంటికి తెచ్చి విప్పితే, టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకుపోయే గొట్టం వంపు దగ్గర బెత్తెడు పొడవున చీలి ఉన్నది. గొట్టం మార్చగానే బండి తన మామూలు నడకకు వచ్చింది. ఈ పరిశీలన కొత్త బళ్ళలో ఇంత సులభం కాదు. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 వచ్చింది. వాటి పొగ తక్కువ, అది నిస్సందేహంగా మంచిదే. కానీ లోపల ఏం జరుగుతున్నదో కంప్యూటరు తగిలిస్తే తప్ప తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక సంఘాన్ని వేసి, ఆ ఏడాది డిసెంబరులో ఒక జాలస్థలాన్ని కూడా ప్రారంభించింది. వాహనాలను కూడా ఆ హక్కు పరిధిలో లెక్కించారు. హక్కు కాగితం మీదికి వచ్చినా, పానా పట్టే చెయ్యి లేకపోతే దానితో ప్రయోజనమేమిటి?

ఇక మార్పుల సంగతి. ముప్పైయేళ్ళు సంధులు చెప్పినవాణ్ణి కనుక నా ఆలోచన ఆ దారినే పోతుంది. ఆగమం మిత్రుడివంటిది, ఆదేశం శత్రువువంటిది అని పిల్లలకు మొదట చెప్పేవాళ్ళం. మా అమ్మ అన్నచోట యకారం వచ్చి మాయమ్మ అయినప్పుడు, పాత అక్షరాల్లో ఒక్కటీ చెడలేదు. మధ్యలో కొత్తది వచ్చి సర్దుకుని నిలబడింది. వాడు, కొట్టె అన్న రెండూ కలిసి వాడుగొట్టె అయినచోట కకారం లేచిపోయింది. గకారం దాని పీట మీద కూర్చున్నది. బండికి చేసే మార్పులన్నీ ఈ రెండింటిలో ఏదో ఒక జాతికి చెందుతాయి.

నా బండిలో ఆగమాలు కొన్ని ఉన్నాయి. నూనె ఒత్తిడి చూపించే చిన్న మీటరు ఒకటి పెట్టించాను. హెడ్‌లైట్లకు పాత బల్బులే ఉంచి రిలే వేయించాను. వెలుతురు మెరుగై, స్విచ్చి కాలిపోయే బాధ తప్పింది. వెనుక భాగంలో పుస్తకాల పెట్టెలు జరగకుండా ఒక చెక్క పలక అమర్చాను. రేపు ఎవరైనా ఇవన్నీ విప్పేస్తే బండి పుట్టినప్పటి బండిగానే ఉంటుంది. ఆగమానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే.

ఆదేశాల కోరిక మాత్రం చుట్టూ బాగా ఉన్నది. పెద్ద చక్రాలు, పెద్ద గొంతు సైలెన్సరు, అన్నిటికంటె ముఖ్యంగా పంపు పెంచడం. మా మెకానిక్కు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఒకసారి వాడు ప్రేమగా, ‘సార్, పంపు జర పెంచుదామా? బండి మస్తు గుంజుతది’ అన్నాడు. ‘వద్దు నాయనా, నాకు ఉన్న వేగమే ఎక్కువ’ అన్నాను. వాడి మాట అబద్ధం కాదు. పంపు మర తిప్పితే డీజిలు ఎక్కువగా పడుతుంది, బండి గుంజుతుంది. కానీ డీజిలు పెరిగినంతగా గాలి పెరగదు. మండక మిగిలింది నల్లపొగ. లోపలి వేడి పెరిగి టర్బో, హెడ్ గాస్కెట్టు, పిస్టన్లు తమ ఆయుష్షును కోల్పోతాయి. ఆ నష్టం యజమానిది, వాడు భరించుకుంటాడు. పొగ మాత్రం యజమాని పీల్చడు, వెనుక వచ్చేవాడు పీలుస్తాడు. బడి విడిచే వేళ రోడ్డు పక్కన వరుసగా నడిచే పిల్లలను జీవితమంతా చూసినవాణ్ణి. వాళ్ళ ముక్కుల ఎత్తూ కారు పొగగొట్టం ఎత్తూ చాలా దగ్గర.

మూడోది లోపం. పొగను శుద్ధి చేసే భాగం అడ్డమని తీసేయడం, సైలెన్సరు లోపలిది కోసేయడం ఈ కోవలోకి వస్తాయి. వ్యాకరణంలో లోపమంటే అక్షరం పోవడం, లోకంలో లోపమంటే దోషం. బండి విషయంలో రెండర్థాలూ ఒకటే.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతున్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానాకో, ఆరు నెలల వరకు జైలుకో అవకాశం ఏర్పడింది.

అయితే అదే ప్రభుత్వం మరోవైపు పాత బండికి వయసు చూసి వెల కడుతున్నది. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. 2025 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారం ఇరవయ్యేళ్ళు దాటితే 10,000. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అంగీకరించింది. మన తెలంగాణలో అంతటి నిషేధం లేదు గాని, గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తూనే ఉన్నది. మా మెరీనాను తుక్కుకు అమ్మేయమని సలహా ఇచ్చే బంధువులకూ కొదవ లేదు.

నా మనవి ఏమంటే, బండి వయసు చూడవద్దు, దాని పొగ చూడండి, బ్రేకులు చూడండి. ఆక్సిలరేటరు తొక్కి పొగ ఎంత చిక్కగా ఉన్నదో కొలిచే యంత్రం ఉన్నది. దాన్ని నిజాయితీగా వాడండి. బండి ముఖం చూడకుండా ఇచ్చే ధ్రువపత్రాలు ఆపండి. తప్పిన బండిని, అది ఐదేళ్ళదైనా, రోడ్డు దించండి. నెగ్గినదాన్ని, అది పాతికేళ్ళదైనా, ఉండనివ్వండి. ఒక మంచి బండిని తుక్కు చేసి, దాని స్థానంలో మరొకటి పుట్టించడానికి అయ్యే ఇనుమూ బొగ్గూ కరెంటూ కూడా లెక్కలోకి రావాలి కదా.

కానీ ఈ మాట అడిగే హక్కు అందరికీ లేదు. పొగ పెంచనివాడికే ఉన్నది. పాత బండి మీద ప్రేమ అని చెప్పుకుంటూ పంపు మర తిప్పేవాడు, నల్లపొగ వదిలిన ప్రతిసారీ నిషేధం కోరేవారి చేతికి ఒక సాక్ష్యం అందిస్తున్నాడు. పాతదాన్ని తక్కువ పొగతో, సరైన బ్రేకులతో నడిపి చూపించడమే మన తరఫు వాదం. దానికి లాయరు అక్కరలేదు.

కొత్త ఇంజను గుణాల ముందు పాతది ఎంత శుభ్రంగా ఉంచినా సరితూగదని, కనుక తుక్కు చేయడమే ధర్మమని వాదించే మిత్రులు ఉండవచ్చు. నగరాల్లో, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండి విషయంలో వారి వాదానికి బలముందని ఒప్పుకుంటాను. వారానికి రెండుసార్లు పెద్దవూర నుంచి హాలియా దాకానో, నెలకొకసారి మిర్యాలగూడ దాకానో పోయే బండి విషయంలో ఆ లెక్క మారుతుందని నా నమ్మకం. కాదనేవారు తమ లెక్కలతో వ్యాఖ్య రాస్తే సంతోషిస్తాను. ఇంట్లో పాత బండి ఉన్నవారు తాము చేసిన మార్పుల్లో ఏది ఆగమమో, ఏది ఆదేశమో కూడా రాయండి.