ఒక వాన - నాలుగు పాఠాలు

పిల్లలూ! పుస్తకంలోని మాటలన్నీ నోట్సులోకి ఎక్కించినా, పరీక్షనాడు ఒక్కటీ గుర్తురాదేం? చేయి వ్రాసిందేగాని బుద్ధి అడగలేదు గనుక.

ఈసారి కాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు మీ సొంతమాటల్లో జవాబు వ్రాయండి. ఉదాహరణకు అనంతపురం వాన తీసుకుందాం.

భూగోళం: ఇక్కడ వాన తక్కువేం? నైరుతి మేఘాలు పడమటి కనుమలకు తగిలి, అవతలే చాలావరకు కురుస్తవి. ఇవతలి ప్రాంతాన్ని వర్షచ్ఛాయ అంటారు.

లెక్కలు: ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు కురిస్తే 1 లీటరు నీరు. 20 చదరపు మీటర్ల మిద్దెమీద ఎంత? 11,000 లీటర్లు!

సైన్సు: వేరుసెనగ పూత పైన, కాయ నేలలో. ఎలా? పూత నుంచి ఊడ నేలలోకి దిగి కాయ అవుతుంది. అప్పుడు వాన లేక నేల గట్టిపడితే ఊడ దిగదు, పంట దక్కదు.

చరిత్ర: పూర్వులేం చేశారు? చెరువులు త్రవ్వించారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది.

ఇప్పుడు జవాబులు మూసి, ప్రశ్నలు చూసి పైకి చెప్పండి. తడబడ్డవే మళ్ళీ చదవండి. తరువాత అవ్వకో తాతకో వివరించండి. వారు అడిగే కొత్త ప్రశ్ననూ ఎడమవైపు చేర్చండి.

మరి మీ మిద్దెపై పడే నీరెంత? కొలిచి లెక్కకట్టండి. ఆ నీరు ఎటు పోతున్నదో కూడా చూడండి!