బిల్డింగ్ లెక్క అడిగే సర్కారు, కట్టినోళ్ల పేర్లు ఎందుకు అడగదు?



శనక్కాయ పంట పోయిన ఏడాది మన తాడిమర్రి పక్క ఏం జరుగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ధర్మవరం పోయి బెంగుళూరు రైలెక్కడమే. బేల్దారి పనికి కొందరు, ఇటుక, ఇసుక మోసేదానికి కొందరు. మన సుగాలి, ఎరుకల పిల్లల్లో చానామందిమి ఆ కూలి డబ్బుతోనే కాలేజీ ఫీజులు కట్టినాం. కానీ ఆ బిల్డింగుల మీద మనోళ్ల కోసమని సర్కారు ఒక సెస్సు వసూలు చేస్తుందని మనలో ఎంతమందికి తెలుసు?

అదే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు. 1996లో చట్టం వచ్చింది. నిర్మాణ ఖర్చులో 1 శాతం, స్థలం ధర కలపరు. కోటి రూపాయల కట్టడమైతే లక్ష రూపాయలు. ఆ డబ్బు కార్మికుల సంక్షేమ బోర్డుకు చేరాలి. ప్రమాద సాయం, పింఛను, కాన్పు ఖర్చు, పిల్లల చదువు, వీటికే అది.

ఈ సెస్సు లెక్క కట్టడానికి ప్రభుత్వానికి చట్టం గట్టి అధికారాలే ఇచ్చింది. ఖర్చు వివరాలతో యజమాని రిటర్ను ఇవ్వాలి. అందులో రాసింది నిజమో కాదో చూసేదానికి అధికారి పని జరిగేచోటికి పోవచ్చు. తెలిసి తప్పుడు లెక్క ఇస్తే ఆరు నెలల దాకా జైలు అని కూడా రాసినారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. సెస్సు లెక్కకు కావాల్సింది ఖర్చు ఒక్కటే. ఆ బిల్డింగ్‌ని ఎవరు కట్టినారు అనేది ఆ లెక్కలో అక్కర్లేదు. అందుకే డబ్బు బోర్డుకు చేరుతుంది, కూలీ పేరు చేరదు. పేరు ఎక్కాలంటే కూలీనే పోయి, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉన్నానని, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినానని చూపించుకోవాలి. మూణ్ణెల్లకొక సైటు మారేవాళ్లకు, మేస్త్రి పేరు తప్ప కంపెనీ పేరు తెలియనివాళ్లకు ఆ కాగితం ఎవరు రాసిస్తారు?

దీని ఫలితం సుప్రీంకోర్టే చెప్పింది. 2018 మార్చిలో ఇచ్చిన తీర్పు ప్రకారం దేశమంతా వసూలైంది 37,400 కోట్ల పైమాట, ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అప్పటికి నిధి దాదాపు 52,000 కోట్లు, నమోదైన కార్మికులు 3.5 కోట్ల మంది. ఆ పట్టికలో పేరు లేనోళ్లకు ఆ డబ్బు అందే దారే లేదు.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. బెంగుళూరు బిల్డింగు సెస్సు కర్ణాటక బోర్డుకు పోతుంది. మన మనిషి తండాకు తిరిగొచ్చి ఇక్కడ అడిగితే పని చేసింది అక్కడ. అక్కడ అడిగితే ఊరు ఇక్కడ. రెండు బోర్డుల నడుమ మనోళ్లు జారిపోతున్నారు.

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సెస్సు ఎంతో యజమానే లెక్కేసుకుని కడతాడు. తనిఖీలు ఎక్కువైతే వేధింపులు పెరుగుతాయని కొందరంటారు. ఆ భయంలో కొంత న్యాయముంది. కానీ సొంతానికి ఇల్లు కట్టుకునేవాళ్లకు ఖర్చు 50 లక్షలు దాటకపోతే సెస్సే లేదు. తండాలో రెండు గదులు వేసుకునేవాళ్లను ఎవరూ అడగరు. మేం మాట్లాడేది అపార్టుమెంట్ల గురించి, పెద్ద కంపెనీల గురించి.

మేం కొత్త అధికారం ఏదీ అడగడం లేదు. పనివాళ్ల హాజరు, కూలి రిజిస్టర్లు పెట్టాలని చట్టం ఎప్పుడో చెప్పింది. ఖర్చు లెక్క చూసే అధికారి ఆ రిజిస్టరు కూడా తెరిపించాలి. అందులోని పేర్లు, పనిదినాలు నేరుగా బోర్డుకు పంపాలి. అదే 90 రోజుల రుజువు కావాలి. ఆ రుజువు పొరుగు రాష్ట్రంలో కూడా చెల్లాలి. బిల్డింగ్ ఎన్ని అడుగులో తెలుసుకోగలిగిన సర్కారుకు, దాన్ని మోసిన భుజాలు ఎవరివో తెలుసుకోవడం కష్టమేం కాదు.

అంతదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. చదువుకున్నోళ్లం మనమే కాబట్టి, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మన తండాలో, మన వీధిలో కట్టడం పనికి పోయేవాళ్ల వివరాలు ఒక నోటుబుక్కులో రాద్దాం. పేరు, సైటు, మేస్త్రి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. కూలి డబ్బు ఫోన్‌పేలో పడుంటే ఆ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టమని చెబుదాం. ఆ పుస్తకం పట్టుకుని లేబర్ ఆఫీసుకు పోదాం. రాసివున్న లెక్కను కాదనడం ఎవరికైనా కష్టమే.