తెరచుకొనని నిపిల్, నమ్మరాని బ్రేకు

పాత స్పోర్ట్స్ కార్లను గూర్చి వ్రాయువారు వాని రూపలావణ్యమును, ఇంజను నాదమును, పందెములలో అవి గడించిన కీర్తిని వర్ణించి తృప్తి నొందుట పరిపాటి. ఆ కీర్తిలో బ్రేకుల పాలు ఎంతటిదో స్మరించువారు మాత్రము తక్కువ. 1953లో ఫ్రాన్సు దేశమున జరిగిన లె మాన్ 24 గంటల పందెములో జాగ్వార్ సి-టైప్ గెలుచుటకు ముఖ్యకారణములలో నొకటి డన్‌లప్ వారి డిస్క్ బ్రేకులు. తక్కినవారికంటె ఆలస్యముగా బ్రేకు త్రొక్కియు మలుపునకు ముందే వేగమును తగ్గించుకొనగలుగుట ఆ కారునకు గొప్ప బలమైనది. వేగమునకై పుట్టిన వాహనమునకు ఆగుటయే ప్రాణాధారము. అట్టి బ్రేకుల ఆరోగ్యమును తెలుపు చిహ్నము చక్రము వెనుక, ధూళిలోను తుప్పులోను దాగియున్న చిటికెనవ్రేలి కొనయంత మర యొకటి. మన మెకానిక్కులు దానిని బ్లీడింగ్ నిపిల్ అందురు. ఆ నిపిల్ పట్టుకొనిపోయి కదలకున్నచో, చాలకాలముగా ఆ బ్రేకులలోని ఆయిల్‌ను ఎవరును మార్చియుండలేదని తలచవలెను. అది తెరచుకొని, లోపలి పాత ఆయిల్ పోయి క్రొత్తది చేరువరకు ఆ కారును రోడ్డుమీదికి తీయరాదని నా నిశ్చితాభిప్రాయము.

ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు తయారైన ఎం.జి.బి. కారునే తీసికొందము. 5 లక్షలకు పైగా నిర్మింపబడిన యీ స్పోర్ట్స్ కారును ప్రాణప్రదముగా చూచుకొనువారు బ్రిటనులోను, అమెరికాలోను నేటికిని అసంఖ్యాకముగా నున్నారు. దాని ముందు చక్రములకు, డిస్కును ఇరుప్రక్కల పట్టి అదుము పోత ఇనుప కాలిపర్లు గల డిస్క్ బ్రేకులు, వెనుక చక్రములకు డ్రమ్ బ్రేకులు. బ్రిటనులో శీతకాలమున రోడ్లపై మంచు గడ్డకట్టకుండుటకై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చక్రముల వేగమునకు ఎగసి కాలిపర్ల సందులలో చేరి, కారు షెడ్డులో విశ్రమించు మాసములన్నిటను ఇనుమును నిశ్శబ్దముగా తినివేయుచుండును.

నిపిల్ నిర్మాణమును ఒక్కింత పరిశీలించినగాని అది యేల పట్టుకొనిపోవునో బోధపడదు. అది నడుమ బోలుగా నుండు ఉక్కు మర. లోపలి కొస శంకువువలె సన్నగిలి కాలిపర్‌లోని పీటమీద ఒత్తుకొని కూర్చుండును. ఆ కొసకు కొంచెము పైగా, ప్రక్కనుండి బోలులోనికి చిన్న రంధ్ర ముండును. మరను అరచుట్టు వదులు చేసినచో ఆయిల్‌తోపాటు గాలిబుడగలు ఆ రంధ్రముగుండా బయటికి వచ్చును. ఆయిల్ కారకుండ ఆపునది ఆ శంకువే గాని మరచుట్లు కావు. కావుననే మరచుట్లు ఆయిల్ రక్షణ లేక బయటి తేమకు లోబడియుండును. పైనుండవలసిన రబ్బరు టోపీ ఊడిపోయినచో నీరు బోలుగుండా లోనికి దిగి, ప్రక్క రంధ్రముగుండా మరచుట్లను లోపలినుండియు చేరును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక, ఆ సన్నని సందులో అది పెరిగి మరను నలుదిక్కుల బిగించివైచును. తరువాతి కాలపు పోర్షె 944 టర్బో వంటి కార్లలో కాలిపర్ అల్యూమినియముతో చేయబడినది. ఉక్కు, అల్యూమినియము, ఉప్పునీరు కలసినచోట విద్యుద్రసాయనిక క్రియ పుట్టి, తెల్లని పొడి మరచుట్ల నడుమ గట్టిపడును. దానిని వదలించుట మరియు కష్టము.

నిపిల్ కదలనంత మాత్రమున కారు ఆగదా, పెడల్ గట్టిగానే యున్నదిగదా, అని వాదించువారు కలరు. ఆ వాదమునకు సమాధానము ఆయిల్ స్వభావమునందే యున్నది. సాధారణముగా వాడు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 శ్రేణి ఆయిల్ క్రొత్తగా నున్నపుడు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదని నియమము. అందులో నీరు 3.7 శాతమునకు చేరినపుడు ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. కొండదారిలో మాటిమాటికి బ్రేకు త్రొక్కుచు దిగునపుడు కాలిపర్లు మిక్కిలి వేడెక్కును. అప్పుడు ఆయిల్‌లోని నీరు ఆవిరియై, పెడల్‌పై పాదము మోపిన బలమంతయు ఆ ఆవిరిని అదుముటకే ఖర్చగును, పెడల్ అడుగంటును. చల్లారిన పిమ్మట బ్రేకులు మరల యథాప్రకారము పని చేయును గనుక జరిగినదానిని చెప్పినను నమ్మువా రుండరు. తొలినాటి ఎం.జి.బి. కార్లలో నాలుగు చక్రములకును ఒకే ఆయిల్ మార్గము. అది విఫలమైనచో డ్రైవరునకు చేతిబ్రేకు తప్ప మరియొక దిక్కు లేదు. పెక్కు కార్ల తయారీదారులు రెండేండ్లకొకమారు ఆయిల్ మార్చుమని చెప్పుట యిందులకే.

ఇక పట్టుకొనిపోయిన నిపిల్‌ను విప్పు పని. ఇందు బలముకంటె ఓర్పు ప్రధానము. రెండు మూలలను మాత్రమే పట్టుకొను మామూలు స్పానరుతో త్రిప్పబూనినచో ఆ చిన్న తల అరిగి గుండ్రనగును. ఆరు మూలలను పట్టుకొను సాకెట్టే వాడవలెను. ముందుగా తీగ బ్రష్షుతో తుప్పును రాల్చి, మర మొదట తుప్పు వదలించు నూనెను ఉదయసాయంకాలములు కొన్ని దినములు వేయవలెను. ఖనిజతైలము తగిలినచో బ్రేకులలోని రబ్బరు సీళ్ళు ఉబ్బి చెడును గనుక ఆ నూనె లోనికి పోకుండ జాగరూకత వహింపవలెను. తరువాత బోలులో సరిపడు డ్రిల్లు బిట్టు నున్నని కాడను దూర్చి, గోడలు నలగకుండ కాపాడుచు, తలమీద చిన్న సుత్తితో తేలికగా తట్టవలెను. మొట్టమొదట విప్పు దిక్కునకు గాక బిగించు దిక్కునకు వెండ్రుకవాసి కదల్చి చూడవలెను. అనుభవజ్ఞుని చేతికి ఇచ్చట రెండు విధములైన స్పర్శలు తెలియును: స్పానరు మెత్తగా స్ప్రింగువలె వంగుచు, వదలగానే వెనుకకు వచ్చుచున్నచో నిపిల్ మెలిపడుచున్నదని, ఇంకొక్క త్రోపునకు విరుగునని గ్రహించి ఆగవలెను, అట్లుగాక టిక్కుమని చిన్న శబ్దమై, మర మొదట తుప్పు చీలి సన్నని గీత కనబడినచో అది లొంగినదన్నమాట. అప్పుడైనను ఒక్కసారిగా త్రిప్పక, పావుచుట్టు ముందునకు, అంతే వెనుకకు కదల్చుచు, నూనె వేయుచు పోవలెను.

ఇంతటితో లొంగనిచో వేడి ప్రయోగింపవచ్చును. కాని అది చేయితిరిగిన మెకానిక్కు పని. కాలిపర్‌ను కారునుండి తీసి, ఆయిల్ వంచివేసి, పిస్టన్లను రబ్బరు సీళ్ళను తొలగించిన పిమ్మటనే, నిపిల్‌ను గాక దాని చుట్టునున్న లోహమును వేడి చేయవలెను. బ్రేక్ ఆయిల్ మండు స్వభావము గలది. క్లోరిన్ సమ్మేళనములు గల బ్రేక్ క్లీనరు తడి మిగిలియున్నచోట మంటను చూపినచో ఫాస్జీన్ అను విషవాయువు పుట్టును. ఈ హెచ్చరికను మన వర్క్‌షాపులలో గోడకు వ్రాసి పెట్టుకొన్నను తప్పు లేదు. నిపిల్ విరిగినపుడు మిగిలిన ముక్కకు నట్టును వెల్డింగు చేసి త్రిప్పుట యొక మార్గము. గట్టి ఉక్కు ఎక్స్‌ట్రాక్టరును బలవంతముగా త్రిప్పి దానినికూడ లోపల విరుగగొట్టుకొన్నచో, ఆపై మామూలు డ్రిల్లు ఆ ఉక్కును తాకనైన తాకలేదు. అంతదూరము పోవుటకంటె లేత్ పని తెలిసిన చోటికి చేర్చుట మేలు. వెనుక చక్రముల సిలిండరైనచో రిపేరు ప్రయత్నము మాని మొత్తముగా మార్చుటయే వివేకము.

నన్ను మిక్కిలి బాధించునది తుప్పు కాదు, మోసము. నిపిల్ కదలలేదని తెలిసియు, పైనున్న డబ్బాలోని పాత ఆయిల్‌ను పీల్చివేసి క్రొత్తది పోసి, "ఆయిల్ మార్చితిమి" అని బిల్లు వ్రాయువారు కలరు. డబ్బాలో తేటగా మెరయు ఆయిల్‌ను చూచి యజమాని సంతసించును. నలుపెక్కిన పాత ఆయిల్ మాత్రము వేడి తగులు కాలిపర్లలోనే నిలిచియుండును. గాలిబుడగలు పైకి పోవును గనుకనే నిపిల్‌ను కాలిపర్ పైభాగమున నుంచుదురు. దానిని విడిచి క్రిందనున్న పైపు జాయింటును వదులు చేసి గాలి తీసితిమనుటయు ఇట్టిదే. నిపిల్ విప్పుటకు మూడు దినములు పట్టునని నిజము చెప్పు మెకానిక్కునకు ఆ మూడు దినముల కూలిని సంతోషముగా చెల్లించుట యజమాని ధర్మము. గోరుతో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చినది మనమే గదా!

బ్రిటిష్ ప్రభుత్వము 2018 మే నెలనుండి, 40 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు చేయబడని కార్లకు వార్షిక తనిఖీనుండి మినహాయింపు నిచ్చినది. అట్టి కార్లు శ్రద్ధగా కాపాడబడుననియు, అరుదుగా మాత్రమే నడుపబడుననియు దానికి చూపిన ఆధారము. నే నీ నిర్ణయముతో ఏకీభవింపజాలను. అరుదుగా నడచు కారులోనే నిపిల్ పట్టుకొనిపోవును. కదలక నిలిచిన కారులోనే ఆయిల్ తేమను పీల్చుచు ఏండ్లకొలది మారక యుండును. తనిఖీ జరిగినను పరీక్షకుడు ఏ భాగమును విప్పి చూడడు గనుక, ఈ భారము ఎప్పటికిని యజమానిదే. మన దేశమున 2021లో 50 ఏండ్లు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషను నియమములు వచ్చినవి. ఇచ్చటి సంరక్షకులును ప్రదర్శనల మెరుగుతోపాటు కాలిపర్లవైపు దృష్టి సారింపవలెను.

నిపిల్ విప్పిన పిమ్మట పాతదానిని పారవేసి క్రొత్తది వేయుడు. దాని వెల అత్యల్పము. గ్రీజును మరచుట్లకు మాత్రము పలుచగా పూసి, శంకువు కొసకు అంటనీయకుడు. మణికట్టు బలముతో బిగించిన చాలును. గాలి తీయునపుడు పాత కారు పెడల్‌ను అడుగంట త్రొక్కకుడు. అట్లు త్రొక్కినచో, పెడల్ నడుపు మాస్టర్ సిలిండరులో ఎన్నడును నడువని భాగపు తుప్పు తగిలి రబ్బరు చినుగును. రంగుపై ఆయిల్ పడినచో వెంటనే నీటితో కడుగుడు.

పాత స్పోర్ట్స్ కారు మనలో పెక్కుమందికి లేదు. కాని విశాఖపట్టణపు ఉప్పుగాలిలో నిలుపు మామూలు కారునకును, వానలో తడియు డిస్క్ బ్రేకు మోటారు సైకిలునకును ఇదే నిపిల్ ఉన్నది. ఈ మారు సర్వీసింగునకు ఇచ్చునపుడు, నిపిళ్ళు విప్పి బ్రేక్ ఆయిల్ మార్చుమని అడుగుడు, ప్రక్కన నిలిచి చూడుడు, రబ్బరు టోపీలు తిరిగి పెట్టినదాక అచ్చటినుండి కదలకుడు.