స్నేహితురాలి కోసం ఏడిస్తే విశ్వాసం తగ్గినట్టా?

ఇంట్లో మనిషి పోతే పలకరించడానికి పదిమంది వస్తారు. భర్త పోయినావిడను, తల్లి పోయిన పిల్లల్ని దగ్గరకు తీసుకుంటారు. మరి ప్రాణానికి ప్రాణమైన స్నేహితురాలు పోతే? ఆ దుఃఖానికి వరస లేదు. "ఆవిడ మీకేమవుతారండీ?" అని అడుగుతారు. "స్నేహితురాలండీ" అంటే "అయ్యో పాపం" అని పక్కవాళ్ల వైపు తిరుగుతారు. మర్నాడు పొద్దున్నే మామూలుగా పాలు కాచాలి, క్యారియర్లు కట్టాలి. ఏడుపొస్తే స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి తిప్పుకోవాలి. మీలో కొందరికైనా ఇది అనుభవమే అయ్యుంటుంది.

మా క్రైస్తవ కుటుంబాల్లో దీనికి తోడు ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్లు గుడిలో చాప మీద నా పక్కన కూర్చుని, నాతోపాటు ఒకే కీర్తనల పుస్తకంలో చూసి పాడిన నా స్నేహితురాలు నిరుడు జబ్బుచేసి ప్రభువునందు నిద్రించింది. మేం చనిపోయిందని అనం, నిద్రించిందంటాం. మళ్లీ లేస్తుందన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. భూస్థాపన నాడు సమాధుల తోటలో నాకు ఏడుపు ఆగలేదు. ఒక పెద్దావిడ భుజం తట్టి, "ఏడవకమ్మా, ఆమె ప్రభువు సన్నిధిలో ఉంది. విశ్వాసులం మనమే ఏడిస్తే ఎలా?" అంది. మంచికే చెప్పింది. కానీ ఆ మాట గుండెలో ముల్లులా గుచ్చుకుంది. పరలోకాన్ని నమ్మేవాళ్లకు కన్నీళ్లు రాకూడదా?

యోహాను సువార్త 11వ అధ్యాయం తీసి చూడండి. బేతనియ అనే ఊళ్లో మార్త, మరియ అని అక్కచెల్లెళ్లు. వాళ్ల సోదరుడు లాజరు. అతణ్ని యేసు ప్రభువు స్నేహితుడనే పిలిచాడు. ఆయన ఆ ఊరు వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురెళ్లి, నువ్విక్కడ ఉంటే నా సోదరుడు చనిపోయేవాడు కాదని మొహం మీదే అనేసింది. ప్రభువు ఆమెను కోప్పడలేదు.

ఈ సంగతి నాకెంతో ధైర్యమిచ్చింది. ఎందుకంటే మేమూ ఉపవాసాలున్నాం, స్త్రీల సమాజమంతా రాత్రిళ్లు ప్రార్థన చేశాం. అయినా ఆమె పోయింది. "ఎందుకు ప్రభువా?" అని అడగడం తప్పేమో అని భయపడే చెల్లెళ్లకు చెబుతున్నాను, మార్త అడిగింది. మనమూ అడగొచ్చు.

ఇంకాసేపట్లో లాజరును తానే లేపబోతున్నానని ప్రభువుకు తెలుసు. అయినా మరియ ఏడవడం చూసి తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. లేపగలిగినాయనే ఏడిస్తే, లేస్తుందని నమ్మే మనం ఏడవడం విశ్వాసానికి లోటెలా అవుతుంది? పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఉత్తరంలో కూడా అసలు దుఃఖపడొద్దని చెప్పలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు. అత్తారింటికి వెళ్లే కూతురు పండక్కి వస్తుందని తెలిసినా, బస్సు కదిలేటప్పుడు తల్లికి కళ్లు చెమర్చవూ?

సరే, ఏడ్చాం. ఆ తర్వాత స్నేహితురాలిగా మనం చేయగలిగిందేమిటి? దీనికీ బైబిల్లో దారి ఉంది. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే ఊళ్లో తబితా అనే ఆవిడ చనిపోతుంది. ఆమెకే దొర్కా అని ఇంకో పేరు. పేతురు వచ్చేసరికి విధవరాళ్లందరూ ఏడుస్తూ, తబితా బతికుండగా కుట్టిన అంగీలూ బట్టలూ తీసి ఆయనకు చూపిస్తారు. ఆడవాళ్ల దుఃఖం అలాగే ఉంటుంది కదండీ! పెద్ద మాటలు రావు, ఆమె చేతి పని చూపిస్తాం.

మా వంటింట్లో ఇప్పటికీ ఆమె స్టీలు గిన్నె ఒకటి ఉంది, అంచు మీద పేరు చెక్కించింది. గోంగూర పచ్చడి పంపిన గిన్నె. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు కదా! అందుకని వారానికోసారి ఏదో ఒకటి వండి, అందులో పెట్టి వాళ్లింటికి పంపుతున్నాను. వాళ్లమ్మాయి కడిగి, ఒక్కోసారి రెండు నిమ్మకాయలు వేసి తిప్పి పంపుతుంది. మొన్న క్రిస్మస్‌కు, "పెద్దమ్మా, అమ్మ అరిసెలు ఎలా చేసేది?" అని అడిగింది. తడిబియ్యప్పిండి, బెల్లం పాకం అందరికీ తెలిసినవే. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టగానే వాళ్లమ్మ గిన్నె దించేసేదని, ఇంకొక్క క్షణం ఆగినా అరిసెలు గట్టిపడతాయనేదని చెప్పాను. ఆ పిల్ల కాగితం మీద రాసుకుంది.

దావీదు కూడా ప్రాణస్నేహితుడు యోనాతాను పోయినప్పుడు సాయంత్రం దాకా ఉపవాసముండి ఏడ్చాడు. అక్కడితో ఆగలేదు. తర్వాత రాజయ్యాక యోనాతాను కొడుకు మెఫీబోషెతును వెతికించి, రెండు కాళ్లూ కుంటివైన ఆ బిడ్డను తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. స్నేహితుడి బాకీ అలా తీర్చుకున్నాడు.

కాబట్టి చెల్లెళ్లూ, మీ స్నేహితురాలు పోతే ఆదరణ కూటంతో మీ పని అయిపోయిందనుకోకండి. షామియానా విప్పేశాకే ఆ ఇల్లు అసలు బోసిపోతుంది. నెల తర్వాత వెళ్లండి, మూడు నెలలకు వెళ్లండి. గుర్తుచేస్తే బాధపడతారేమోనని ఆమె పేరెత్తకుండా కూర్చోకండి. పేరు పెట్టే మాట్లాడండి. అమ్మ చిన్నప్పటి సంగతులు, నవ్వులాటలు పిల్లలకు చెప్పండి. అవి మీకే తెలుసు, బంధువులకు తెలియవు. మా ఊళ్లో ఈస్టర్ నాడు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. కాథలిక్కు కుటుంబాలవాళ్లు నవంబరు 2న సమాధులకు పూలు పెడతారు. ఆ రోజు ఆమె పిల్లల్ని తోడు తీసుకెళ్లండి.

ఇక స్నేహితురాలిని పోగొట్టుకున్న మనిషి మీకెదురైతే, "బంధువా?" అని అడక్కండి. మీది ఏ మతమైనా సరే, పక్కన కూర్చుని "మీ ఇద్దరికీ ఎలా పరిచయం?" అని అడిగి చూడండి. ఆమె చెబుతుంది. మధ్యలో ఏడుస్తుంది. ఏడవనివ్వండి.